సదరం నుంచి డీఎస్సీ దాకా: ప్రత్యేక ఉపాధ్యాయులు కాదలచిన దివ్యాంగులకు మార్గదర్శి

డీఎస్సీ మాట వినిపించగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఆ మధ్య కర్నూలు జిల్లా నుంచి ఒక అబ్బాయి చేశాడు. "అన్నా, నాకు చూపు లేదు. బీఈడీ పాసయ్యాను. అంధ పిల్లలకు చెప్పే పోస్టులు పడతాయంటున్నారు, నేను రాయవచ్చు కదా?" నేను అడిగింది ఒకటే ప్రశ్న. "ఏ బీఈడీ తమ్ముడూ?" మామూలు బీఈడీ. ఆ పోస్టుకు అది చాలదని చెప్పాక అవతలి నుంచి చాలాసేపు మాట లేదు. రెండేళ్ళ చదువు, ఫీజు, హాస్టలు ఖర్చు అన్నీ అయిపోయాక తెలిసిన విషయం అది. "అంధుల కష్టం అంధుడికి తెలియదా?" అన్నాడు చివరికి. తెలుస్తుంది. కానీ దరఖాస్తు ఫారంలో ఆ అనుభవం రాయడానికి గడి ఉండదు.

నేనూ అంధుడినే, ప్రత్యేక ఉపాధ్యాయుడినే. మనవాళ్ళు ఈ ఉద్యోగానికి దూరమయ్యేది తెలివి చాలక కాదు, అడుగులు తారుమారై. కార్డు లేకుండా సీటుకు వెళ్తారు, గుర్తింపు చూడకుండా కోర్సులో చేరతారు, రిజిస్ట్రేషన్ మరిచి నోటిఫికేషన్ దాకా వస్తారు. అందుకే ఏది ముందో ఏది తర్వాతో ఆ వరసలోనే రాస్తున్నాను.

రెండు చట్టాలు ముందు తెలియాలి

మొదటిది 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం. ఈ మండలినే అందరూ ఆర్‌సీఐ అంటారు. దివ్యాంగులైన పిల్లలకు బోధించేవారు మండలి గుర్తించిన కోర్సు చదివి, దాని కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలని ఈ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. నమోదు లేకుండా ఆ పని చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

రెండోది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఇందులో 17వ సెక్షన్ (సి) క్లాజు మనం కంఠస్థం చేయదగ్గది. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి నియమించాలని, వారిలో సంజ్ఞా భాష, బ్రెయిలీ తెలిసిన దివ్యాంగులైన ఉపాధ్యాయులు కూడా ఉండాలని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. ఎవరైనా "మీరెలా చెబుతారండీ?" అని అడిగితే జవాబు చట్టంలోనే ఉంది. ఒక చట్టం మన దగ్గర కాగితం అడుగుతోంది, రెండో చట్టం మనల్నే అడుగుతోంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని నడవాలి.

మొదటి అడుగు: కార్డు

కోర్సు గురించి ఆలోచించకముందే వైకల్య ధ్రువపత్రం సరిచూసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో చాలామంది దగ్గర సదరం సర్టిఫికెట్ ఉంటుంది. దానితోపాటు దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు కూడా తీసుకోవాలి. కార్డు మీది రంగు వైకల్య శాతాన్ని చెబుతుంది: 40 శాతంలోపు తెలుపు, 40 నుంచి 80 దాకా పసుపు, ఆపైన నీలం. రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం ఉండాలి.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్తపడాలి. ధ్రువపత్రం తాత్కాలికమైతే గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసుకోండి. సర్టిఫికెట్ల పరిశీలన నాటికి గడువు దాటితే, మార్కులు ఎన్ని వచ్చినా చేతులు కట్టుకుని నిలబడవలసిందే. రెండోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా, సదరంలో అసలు లేకుండా ఉండడం మన దగ్గర మామూలే. ఈ మూడింటినీ ఇప్పుడే ఒక దారికి తెచ్చుకోండి. తీరిక ఉన్నప్పుడు ఇది వారం పని, పరిశీలన ముందు రోజు అసాధ్యం.

రెండో అడుగు: ఏ పిల్లలకు చెబుతారు?

ప్రత్యేక విద్యలో కోర్సు అంటే ఏదో ఒక వైకల్యంలో ప్రత్యేకత. దృష్టి లోపం, వినికిడి లోపం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, ఆటిజం, బహుళ వైకల్యాలు, ఇలా విడివిడిగా ఉంటాయి. ఒకసారి చేరాక మార్చుకోవడం కష్టం కనుక ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుదాం.

మన వైకల్యం ఏదో ఆ పిల్లలకే చెప్పాలన్న నియమం లేదు. అంధుడైతే అంధ పిల్లలకు, బధిరుడైతే బధిర పిల్లలకు అనుకోవడం సహజం, చాలాసార్లు మంచిదే. అయినా అది అలవాటుగా కాకుండా ఆలోచించి తీసుకున్న నిర్ణయమై ఉండాలి.

అంధుల సంగతి ముందు చెబుతాను, నాకు తెలిసింది కనుక. దృష్టి లోపం ప్రత్యేకతలో మనకున్న బలం బ్రెయిలీ. మా తరగతిలో చూపున్నవాళ్ళు బ్రెయిలీని కళ్ళతో చదివేవారు, చుక్కల నీడలు చూసి. పరీక్ష పాసవడానికి అది చాలు. కానీ పిల్లవాడి వేలు చుక్క మీద ఎంత బరువు వేస్తోందో, గీత చివరికి రాగానే రెండో చేయి కింది గీతను ముందే వెతుక్కుంటోందో లేదో కంటితో పట్టుకోవడం అంత సులువు కాదు. వేలితో చదివేవాడికి అది ఇట్టే తెలుస్తుంది. అయితే నడివయసులో చూపు పోయినవారికి బ్రెయిలీ రాకపోవచ్చు. ఫోను చదివి వినిపిస్తుంటే చుక్కలతో పని ఏమిటని వదిలేసినవారూ ఉంటారు. అలాంటివారు కోర్సుకు ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి. తెలుగు బ్రెయిలీ 1951లో ఖరారైన భారతి బ్రెయిలీ పద్ధతిని అనుసరిస్తుంది. అ అంటే ఒకటో చుక్క, క అంటే ఒకటీ మూడూ, మ అంటే ఒకటీ మూడూ నాలుగూ. గుణింతం హల్లు తలమీదా కిందా ఎక్కదు, హల్లు తర్వాత అచ్చును పూర్తిగా రాస్తారు. సంయుక్తాక్షరానికి ముందు నాలుగో చుక్క వస్తుంది. పలకా స్టైలసుతో రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు, అద్దంలో తిరగబడినట్టు రాయాలి. ఇదంతా చేతికి పట్టడానికి రోజుకు గంట చొప్పున కొన్ని నెలలు పడుతుంది.

మేధో వైకల్యం ఉన్న పిల్లల తరగతిని అంధులు తీసుకోలేరా? తీసుకోగలరు, ఏర్పాట్లు ఉంటే. నా శిక్షణలో కొన్ని వారాలు అలాంటి తరగతిలో గడిపాను. రెండో రోజే ఒక చిన్నవాడు చడీచప్పుడు లేకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆయా చూసింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే తలుపుకు గజ్జెలు కట్టాం. ఆ తర్వాత వాడు తలుపు తోసినప్పుడల్లా తరగతి మొత్తం నవ్వేది, నాకూ సంగతి తెలిసేది. కానీ మూర్ఛ వచ్చే పిల్లలు, తమను తాము గాయపరచుకునే పిల్లలు ఉన్నచోట గజ్జెలు చాలవు, చూపున్న సహాయకులు తప్పనిసరి. చేరబోయే బడిలో ఆ సహాయం ఉంటుందో లేదో ముందే అడగండి. ఇక వినికిడి లోపం ప్రత్యేకత పూర్తి అంధులకు నిజంగా కష్టం. అక్కడి సంభాషణంతా కళ్ళతోనే సాగుతుంది.

బధిరుల విషయంలో చిక్కు తిరగబడుతుంది. వినికిడి లోపం ప్రత్యేకతలో సంజ్ఞా భాషతోపాటు వినికిడి పరీక్షలు, మాట నేర్పించడం వంటి పేపర్లూ ప్రయోగాలూ ఉంటాయి. పిల్లవాడి ఉచ్చారణ విని సరిదిద్దే ప్రయోగం బధిర శిక్షణార్థికి గోడలా అడ్డం వస్తుంది. దానికి ప్రత్యామ్నాయం ఏమిస్తారో సంస్థను చేరకముందే రాతపూర్వకంగా అడగాలి. మరోవైపు, బధిర పిల్లల్లో చాలామంది వినగల తల్లిదండ్రులకు పుట్టినవారే. తమలా సంజ్ఞలతో మాట్లాడే పెద్దమనిషిని వాళ్ళు మొదటిసారి చూసేది బడిలోనే కావచ్చు. ఆ పెద్దమనిషి మీరైతే అక్కడ జరిగేది పాఠం ఒక్కటే కాదు.

బధిరుల కోసమే ఉద్దేశించిన కోర్సు ఒకటి ఉంది: భారతీయ సంజ్ఞా భాష బోధనలో రెండేళ్ళ డిప్లొమా. ఇంటర్ పాసైనవారు చేరవచ్చు. ఢిల్లీలో 2015లో ఏర్పాటైన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం దీనికి ముఖ్య కేంద్రం. సంజ్ఞా భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది, ప్రశ్న పదం కూడా చివరికే చేరుతుంది. "నీ పేరు ఏమిటి" అన్న వరస తెలుగువారికి కొత్త కాదు. అయితే ఒక తేడా గుర్తుంచుకోండి. ఈ డిప్లొమాతో మీరు సంజ్ఞా భాష బోధకులు అవుతారు. డీఎస్సీలో ప్రత్యేక ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడు, కావాలంటే డీఈడీ ప్రత్యేక విద్య వేరుగా ఉండాలి.

కదలిక వైకల్యం ఉన్నవారికి ఏ ప్రత్యేకతైనా తెరిచే ఉంటుంది. వారు చూసుకోవలసింది తరగతి గది కంటే దారి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పనిచేసేవారు మంచం దిగలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళి పాఠం చెప్పాలి. అంటే ఊళ్ళు తిరగాలి, మెట్లెక్కాలి, ఒక్కోసారి పిల్లవాడిని ఎత్తి కూర్చోబెట్టాలి. మూడు చక్రాల స్కూటరుతో ఇవన్నీ చేస్తున్నవారున్నారు. మీ శరీరం ఎంతకు ఒప్పుకుంటుందో మీకే తెలుసు.

మూడో అడుగు: కోర్సు, సంస్థ

ఇంటర్‌లో 50 శాతం ఉంటే డీఈడీ ప్రత్యేక విద్య, రెండేళ్ళు. దీనికి ఆర్‌సీఐ దేశమంతటికీ కలిపి ఆన్‌లైన్‌లో ప్రవేశాలు జరుపుతోంది. డిగ్రీలో 50 శాతం ఉంటే బీఈడీ ప్రత్యేక విద్య, ఇదీ రెండేళ్ళే. ఆంధ్రప్రదేశ్‌లో ఎడ్‌సెట్ ద్వారా ఈ సీట్లకు వెళ్ళవచ్చు. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యా సంస్థల్లో దివ్యాంగులకు 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో ఐదేళ్ళ సడలింపు ఇవ్వాలని 2016 చట్టంలోని 32వ సెక్షన్ చెబుతోంది. మామూలు బీఈడీ ఇప్పటికే చేసినవారు ఆర్‌సీఐ గుర్తించిన రెండేళ్ళ ప్రత్యేక డిప్లొమా జోడించుకునే దారి కూడా ఉంది. మీరు లక్ష్యంగా పెట్టుకున్న పోస్టు నోటిఫికేషన్ దాన్ని ఒప్పుకుంటుందో లేదో పాత నోటిఫికేషన్ తీసి చదవండి.

హైదరాబాద్ వైపు ఉన్నవారికి అదృష్టం ఎక్కువ. సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గరి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. దాని పేరు మారినా పాతవాళ్ళు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. వినికిడి లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఆ పక్కనే. దృష్టి లోపానికి జాతీయ సంస్థ డెహ్రాడూన్‌లో ఉంది. నెల్లూరులో దివ్యాంగుల కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇల్లు కదలలేనివారికి హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో రెండున్నరేళ్ళ ప్రత్యేక బీఈడీ నడుపుతోంది. దూరవిద్య అంటే ఇంట్లో కూర్చోవడం కాదు, ప్రాక్టికల్స్‌కూ బోధన సాధనకూ హాజరు తప్పదు.

ఏ సంస్థయినా మూడు సంగతులు ఆర్‌సీఐ వెబ్‌సైటులోనే చూడండి, బ్రోచరులో కాదు. ఆ సంస్థకు గుర్తింపు ఉందా? మీరు చేరే ప్రత్యేకతకు ఉందా? మీరు చేరే విద్యా సంవత్సరానికి ఉందా? గుర్తింపు కొన్నేళ్ళకే ఇస్తారు, మళ్ళీ పొడిగించాలి. "పాత గుర్తింపు ఉంది, కొత్తది వస్తోంది" అని చెప్పేచోట ఫీజు కట్టకండి. ఆ "వస్తోంది" మీద మీ రిజిస్ట్రేషన్ నంబరు ఆధారపడి ఉంటుంది.

డబ్బు సంగతి ఒక్క మాట. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దివ్యాంగ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం ఉంది. 40 శాతం ధ్రువపత్రం, ఆదాయ పత్రం కావాలి. దరఖాస్తు గడువు కోర్సు మొదలైన కొద్ది నెలల్లోనే ముగుస్తుంది కనుక ప్రవేశం ఖాయమైన వారంలోనే పెట్టేయండి.

నాలుగో అడుగు: చేరకముందే అడగవలసినవి

మనం సిగ్గుపడి అడగం. చేరాక అడిగితే సాయంలా వినిపిస్తుంది, చేరకముందు అడిగితే ఏర్పాటులా వినిపిస్తుంది. చట్టం దీన్ని సహేతుక సర్దుబాటు అంటుంది.

అంధులు మొదట అడగవలసింది పాఠ్యాంశాల సాఫ్ట్ కాపీ, అదీ యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా, ఫోనైనా గుర్తుపట్టే అక్షరాల్లో. ఇది చిన్న విషయం కాదు. తెలుగు మాధ్యమం నోట్సు చాలాచోట్ల పాత డీటీపీ ఫాంట్లలోనో, స్కాన్ చేసిన బొమ్మలుగానో ఉంటుంది. చూసేవారికి అది చక్కటి తెలుగు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడరుకు మాత్రం అర్థం లేని గుర్తుల కుప్ప, లేదా శూన్యం. ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగు చదువుతుంది. దాన్ని తయారుచేసిన ఇద్దరు ఆస్ట్రేలియన్లూ అంధులే. కానీ యూనికోడ్ అక్షరం లేనిచోట అదీ ఏమీ చేయలేదు. బధిరులు సంజ్ఞా భాష దుబాసీ గురించి అడగాలి: తరగతులకా, పరీక్షలకా, రెండింటికా? చక్రాల కుర్చీ వాడేవారు ర్యాంపుతోపాటు మరుగుదొడ్డి తలుపు వెడల్పు కూడా చూడాలి. ర్యాంపు గేటు దగ్గర కట్టించి తరగతిని రెండో అంతస్తులో పెట్టిన కాలేజీ ఒకటి నాకు తెలుసు.

ఒప్పుకున్నవన్నీ ఈమెయిలులో రాయించుకోండి. మాట తప్పితే ఎవరి దగ్గరికి వెళ్ళాలో కూడా తెలుసుకోండి. ప్రభుత్వ సంస్థల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలి. అక్కడ తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు.

ఐదో అడుగు: ఆ రెండేళ్ళు

థియరీ పేపర్లు అందరిలాగే చదువుతారు, దాని గురించి చెప్పేదేమీ లేదు. కష్టం ప్రాక్టికల్స్‌లోనే.

మొదటి సెమిస్టర్లలో తరగతి పరిశీలన ఉంటుంది. వెనక బెంచీలో కూర్చుని టీచరు ఏం చేస్తున్నారో, పిల్లలెలా స్పందిస్తున్నారో రాయాలి. నేను ఒక సహాధ్యాయినితో ఒప్పందం చేసుకున్నాను. బోర్డు మీద ఏముందో, ఎవరు చేయి ఎత్తారో ఆమె చెవిలో చెప్పేది, ఎవరి గొంతు ఎక్కడ తడబడిందో నేను చెప్పేవాడిని. సాయంత్రం ఇద్దరి నోట్సూ కలిపితే ఒక్కరిది సగమేనని తెలిసేది. మీరూ ఇలాంటి జత వెతుక్కోండి. కానీ రాత మీదే కావాలి. పక్కవారి రికార్డు చూసి దించితే వైవాలో రెండు ప్రశ్నలకే దొరికిపోతారు.

దృష్టి లోపం ప్రత్యేకతలో దిశా చలన శిక్షణ ఉంటుంది. కళ్ళకు గంతలు కట్టుకుని కర్రతో నడవమన్న రోజున తరగతిలో గంతల అవసరం రానిది నాకొక్కడికే. అందరికంటే ముందు గేటు చేరాను, ఆ రోజంతా కొంచెం గర్వంగానే తిరిగాను. అయితే మరుసటి వారం అసలు పాఠం వచ్చింది: పిల్లవాడికి రోడ్డు దాటడం నేర్పడం. నాకు దాటడం వచ్చు, వాడు దాటుతుంటే దూరం నుంచి కనిపెట్టడం రాదు. అక్కడ చూపున్న జోడీ ఉండాలని నేనే పర్యవేక్షకుడితో చెప్పాను. ఫలానా పని ఈ ఏర్పాటుతో చేస్తానని ముందుగా చెబితే ఎవరూ తక్కువగా చూడరు. చెప్పకుండా చేయబోయి ప్రమాదం తెస్తే తర్వాత వచ్చే మనవాళ్ళందరికీ తలుపు మూసుకుపోతుంది.

బోధన సామగ్రి దగ్గర ఒక హెచ్చరిక. పరీక్షకులు కొందరు రంగుల చార్టులకు అలవాటుపడి ఉంటారు. చార్టు అందంగా లేదని మార్కులు కోసినాయన ఒకరు నాకు తగిలారు. అంధ పిల్లల తరగతికి రంగుల చార్టు! కాబట్టి తాకి తెలుసుకునే సామగ్రి చేయండి. అట్ట మీద దారం అంటించిన నది, ఇసుక కాగితంతో ఎడారి, పెసలూ శనగలతో స్థానవిలువల పట్టిక, ఇలాంటివి. పక్కన ఎందుకు అలా చేశారో రెండు వాక్యాలు అచ్చు తెలుగులోనూ బ్రెయిలీలోనూ అంటించండి. లెక్కలకు అబాకస్, గుంటల్లో దిమ్మలు పెట్టి లెక్క చేసే టేలర్ పలక చేతికి బాగా అలవాటు చేసుకోండి. తర్వాత బడిలో రోజూ పనికొచ్చేవి అవే.

ప్రతి పిల్లవాడికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయడం నేర్పుతారు. దాన్ని మార్కుల కోసం రాసే కాగితంగా చూడకండి. "చదవడం మెరుగుపడాలి" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. "మూడు నెలల్లో ఒత్తులు లేని పది పదాలు తడబడకుండా చదువుతాడు" అని రాస్తే చదివాడో లేదో తేలుతుంది.

విశ్వవిద్యాలయ పరీక్షలకు సహాయ లేఖరి, అంటే మనం చెబితే రాసిపెట్టే మనిషి, కావాలంటే ప్రతి సెమిస్టరుకూ ముందే దరఖాస్తు ఇవ్వాలి. మన కాలేజీకి తెలుసు కదా అని ఊరుకుంటే పరీక్షా కేంద్రానికి తెలియదు.

ఆరో అడుగు: ఆర్‌సీఐ నంబరు

ఫలితాలు రాగానే చేయవలసిన మొదటి పని ఇదే. మార్కుల జాబితా, ప్రొవిజనల్ సర్టిఫికెట్, గుర్తింపు పత్రాలతో ఆర్‌సీఐ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే కేంద్ర పునరావాస రిజిస్టరు నంబరు వస్తుంది. దీన్నే సీఆర్ఆర్ నంబరు అంటారు. కొన్నిసార్లు నెలలు పడుతుంది. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు. ఇది ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. అందుకు మండలి ఆమోదించిన కార్యశాలలకు హాజరై పాయింట్లు కూడబెట్టుకోవాలి. నాలుగున్నరేళ్ళు కదలకుండా ఉండి చివర్లో కార్యశాలల కోసం పరుగెత్తేవారిని చూస్తుంటాను. ఆ పరుగు నేనూ ఒకసారి తీశాను.

ఏడో అడుగు: టెట్

ప్రత్యేక ఉపాధ్యాయులకూ టెట్ ఉంటుంది. 150 మార్కులు, రెండున్నర గంటలు. దివ్యాంగులకు 40 శాతం వస్తే అర్హత. అక్కడితో ఆగకండి, ఎందుకంటే డీఎస్సీ తుది మార్కుల్లో 20 శాతం వెయిటేజీ టెట్‌దే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక పాఠశాలల కోసం 1-బి, 2-బి పేపర్లు వేరుగా ఉంటాయి. దరఖాస్తులో పొరపాటున మామూలు బడుల 1-ఎ నొక్కితే మొత్తం శ్రమ వృథా. తెలంగాణలో పేపర్లు అలా విడదీయలేదు.

సహాయ లేఖరి గురించి కేంద్రం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలన్నాయి. అంటే టెట్‌కు 50 నిమిషాలు. 40 శాతం లోపు ఉన్నా రాయడంలో ఇబ్బంది ఉంటే లేఖరిని నిరాకరించకూడదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న తేల్చింది. లేఖరి చదువు ఎంత ఉండాలి, మీరే తెచ్చుకోవాలా, వారే ఇస్తారా అన్నది మాత్రం ప్రతి నోటిఫికేషన్‌లోనూ మళ్ళీ చదవాలి.

మీరే తెచ్చుకునే వీలుంటే తెలివైనవాడి కంటే నిదానస్తుడిని ఎంచుకోండి. నా మొదటి పరీక్షలో లేఖరి నాలుగు ఐచ్ఛికాలు చదవకుండా రెండే చదివి "ఇదే అన్నా" అనేవాడు. వాడికి తెలిసింది తప్పు, నాకు పోయింది మార్కు. కనీసం పది నమూనా పరీక్షలు కలిసి రాయండి. ప్రశ్న ఒకసారి, ఐచ్ఛికాలు రెండుసార్లు, నొక్కాక ఏది నొక్కాడో పైకి చెప్పడం, ఈ మూడూ వాడికి అలవాటు కావాలి.

ఎనిమిదో అడుగు: డీఎస్సీ, రోస్టరు

ఇన్నాళ్ళూ ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులు అరకొరగానే ఉండేవి. 2021 అక్టోబరు 28న రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో గాలి మారింది. ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలన్న లెక్క ముందుకు వచ్చింది. 2025 మార్చి 7న అదే కేసులో రాష్ట్రాలన్నీ పోస్టులు మంజూరు చేసి ప్రకటించాలని కోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకుగాను ప్రత్యేక విద్యలో 796 ఎస్‌జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసింది. వాటిలో 1,136 ఎస్‌జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్.

ఈ పోస్టుల్లో దివ్యాంగులకు 4 శాతం. అంధత్వం, మందదృష్టికి ఒకటి. బధిరత్వం, వినికిడి లోపానికి ఒకటి. కదలిక వైకల్యాలకు ఒకటి. ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాలకు కలిపి ఒకటి. గరిష్ఠ వయసులో రెండు రాష్ట్రాల డీఎస్సీలూ పదేళ్ళ సడలింపు ఇచ్చాయి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పోస్టులు జిల్లాల వారీగా పడతాయి. జిల్లాకు ఇరవై పోస్టులుంటే మీ విభాగానికి కేటాయించిన వరస సంఖ్య, అంటే రోస్టరు పాయింటు, అందులో రాకపోవచ్చు. "మా జిల్లాలో మా కోటా లేదు" అని దరఖాస్తే మానేసేవారున్నారు. మీ కులం కోటాలోనో, ఓపెన్‌లోనో మార్కులతో పోటీపడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రత్యేక విద్య పోస్టులకు పోటీదారులు మామూలు ఎస్‌జీటీకంటే బాగా తక్కువ కూడా.

ఎంపికయ్యాక మెడికల్ బోర్డు మళ్ళీ పరీక్షిస్తుంది. శాతం తేడా వస్తుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. పాత ఆస్పత్రి రికార్డులు, ఆడియోగ్రాములు, కంటి పరీక్షల కాగితాలు తేదీల వరసలో పెట్టుకుని వెళ్ళండి. ఫలానా వైకల్యం ఉన్నవారు ఈ పోస్టుకు తగరని ఎవరైనా నోటిమాటగా అంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి. రాయాల్సి వచ్చేసరికి చాలామంది స్వరం మారుతుంది.

డీఎస్సీ వచ్చేదాకా ఖాళీగా ఉండనక్కర్లేదు. భవిత కేంద్రాల్లో కాంట్రాక్టు పద్ధతిలో రిసోర్స్ పర్సన్లను తీసుకుంటారు. జీతం తక్కువ, పని ఎక్కువ, నేర్చుకునేది ఇంకా ఎక్కువ. సీబీఎస్ఈ గుర్తింపు ఉన్న పాఠశాలలు ప్రత్యేక ఉపాధ్యాయుడిని పెట్టుకోవాలని బోర్డు నిబంధన ఉంది. కొన్నిచోట్ల అది కాగితం మీది పేరే. ఇంటర్వ్యూలో "మీ బడిలో నేను చెప్పబోయే పిల్లలు ఎంతమంది?" అని అడిగితే సంగతి తెలిసిపోతుంది. కేంద్రీయ విద్యాలయాలకు కేంద్ర స్థాయి టెట్ అయిన సీటెట్ రాయాలి.

ఉద్యోగంలో చేరిన వారం

ప్రాథమిక తరగతులకు ప్రత్యేక డీఈడీ, బీఈడీతో వచ్చినవారు నియామకం తర్వాత ఆరు నెలల ప్రాథమిక విద్యా శిక్షణ పూర్తిచేయాలని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధన. ఎవరూ గుర్తుచేయకపోయినా మీరే అడిగి పూర్తిచేయండి. స్క్రీన్ రీడరు ఉన్న కంప్యూటర్, కింది అంతస్తులో గది వంటివి మొదటి వారంలోనే రాసి ఇవ్వండి. చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం ఇది యజమాని బాధ్యత. హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ యాప్‌లలోనే ఉంటున్నాయి కనుక, వాటిలో ఏవి మీ ఫోను చదవగలదో ఏవి చదవలేదో మొదటి రోజే ప్రధానోపాధ్యాయులకు చూపించండి. లేకపోతే నెల తర్వాత అది మీ అలసత్వంగా రికార్డుకెక్కుతుంది.

కర్నూలు అబ్బాయి ఇప్పుడు ప్రత్యేక బీఈడీలో ఉన్నాడు. ప్రత్యేకతగా దృష్టి లోపం తీసుకున్నాడు. పోయిన నెల తన మొదటి పాఠ్య ప్రణాళిక నాకు పంపి ఎలా ఉందో చెప్పమన్నాడు. తెరిస్తే నా ఫోను ఒక్క ముక్క కూడా తెలుగు చదవలేదు, అన్నీ గుర్తులే. ఊళ్ళో డీటీపీ షాపులో టైపు చేయించాడట. యూనికోడ్‌లో మళ్ళీ పంపమని చెప్పాను.